ముందు షీటు, తర్వాతే బొమ్మ: హైదరాబాద్‌లో సొంతంగా చిన్న డిజైన్ వస్తువులు చేసి అమ్మడం ఎలా

మొదటిసారి పోస్ట్‌కార్డులు వేయించినప్పుడు బొమ్మ మీద మూడు వారాలు కూర్చున్నాను. సైజు మీద మూడు నిమిషాలు కూడా పెట్టలేదు. నాలుగు బై ఆరు అంగుళాలు అనేశాను, ఫోటో స్టూడియోలో ప్రింట్లు ఆ సైజులోనే ఇస్తారు కాబట్టి అదే సరైనదనుకున్నా. బిల్లు చేతికొచ్చి, కటింగ్ మెషిన్ పక్కన కుప్పగా పడి ఉన్న తెల్ల కాగితం ముక్కలు చూశాక గానీ అర్థం కాలేదు, నేను కార్డులతో పాటు ఆ కుప్పక్కూడా డబ్బు కట్టానని.

ఉద్యోగం చేస్తూనో, ఫ్రీలాన్స్ పనుల మధ్యలోనో సొంతంగా ఏదైనా చిన్న వస్తువు చేసి అమ్మాలనుకునే డిజైనర్ల కోసం ఇది రాస్తున్నా. ఎంత ముద్దొచ్చే బొమ్మైనా చివరికి ఒక పెద్ద కాగితంలోంచి కోసిన ముక్కే. ఆ కాగితం ఎన్ని ముక్కలవుతుందన్న దాన్ని బట్టే మీ ఖర్చు, మీ ధర, చాలాసార్లు మీ డిజైన్ కూడా తేలిపోతాయి. అందుకే మామూలుగా చెప్పే క్రమాన్ని నేను తిప్పి చెబుతాను.

1. ఏం చేయాలో తేల్చుకోండి

మొదటి వస్తువు కాగితంతోనే చేయండి. పోస్ట్‌కార్డు, స్టిక్కరు, జేబులో పట్టే నోట్‌బుక్కు, ఈ మూడిట్లో ఏదో ఒకటి. మెటల్ బ్యాడ్జీలు చూడ్డానికి బాగుంటాయి, నిజమే, కానీ ప్రతి డిజైన్‌కీ విడిగా అచ్చు చేయించాలి, దాని ఖర్చు ముందే పెట్టాలి, పైగా కనీసం వంద చేయించమంటారు. కాటన్ బ్యాగుల మీద స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకీ ఒక్కో స్క్రీన్ కావాలి, అంటే నాలుగు రంగుల బొమ్మకి నాలుగు స్క్రీన్లు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు మొదటే వాటి జోలికెళ్లకండి. కాగితమైతే పది కార్డులు వేయించుకున్నా ఎవరూ కాదనరు.

ఇక బొమ్మ దేని మీద? నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్పేస్తా: చార్మినార్, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్, ఈ మూడిట్నీ కొన్నాళ్లు వదిలేయండి. ఏ స్టాల్‌కెళ్లినా ఇవే, అందులో బాగా గీసినవి కూడా చాలా ఉన్నాయి, వాటి పక్కన మీది నిలబడాలంటే కష్టం. ఈ ఊళ్లో రోజూ చూస్తూ ఎవరూ గీయనివి బోలెడున్నాయి. ఎండాకాలం బాల్కనీలోకి సగం బయటికొచ్చిన ఎయిర్ కూలర్, అపార్ట్‌మెంట్ గేటు ముందు నీళ్లు కార్చుకుంటూ నిలబడ్డ ట్యాంకర్, సికింద్రాబాద్ రేతిఫైల్ బస్‌స్టాండ్‌లో సాయంత్రం ఆరింటి తొక్కిసలాట, బతుకమ్మ కోసం కట్టలు కట్టి అమ్మే గునుగు, తంగేడు. కొనేవాళ్లకి "అరె, మా ఇంటి ముందుదే కదా ఇది" అనిపించాలి. ఆ మాట ఎవరినోట వచ్చినా కార్డు అమ్ముడైనట్టే.

2. షీటు లెక్క (ఇది దాటేసి వెళ్లకండి)

డిజిటల్ ప్రింటింగ్ షాపుల్లో మామూలుగా దొరికేది 12 బై 18 అంగుళాల షీటు. మిల్లీమీటర్లలో 305 బై 457. మెషిన్ కాగితాన్ని పట్టుకునే అంచులు వదిలేస్తే, ఒక్కోవైపు 5 మిల్లీమీటర్లు పోయాయనుకుందాం, మీకు మిగిలేది 295 బై 447. కొన్ని షాపుల్లో 13 బై 19 షీటు కూడా ఉంటుంది, అడిగి చూడండి, అడిగితే పోయేదేం లేదు.

రంగు అంచు దాకా ఉండే డిజైనైతే చుట్టూ 3 మిల్లీమీటర్లు ఎక్కువ గీయాలి, దీన్నే బ్లీడ్ అంటారు. కత్తి అరమిల్లీమీటరు పక్కకి జరిగినా తెల్ల గీత కనబడకుండా ఉండడానికి. అంటే నా నాలుగు బై ఆరు కార్డు షీటు మీద పట్టే చోటు సుమారు 108 బై 159 మిల్లీమీటర్లు. దాన్ని 295 బై 447లో పేర్చి చూడండి. నేరుగా పేరిస్తే నాలుగు. కొన్నిటిని అడ్డంగా తిప్పి ఇరికిస్తే ఆరు. అంతే. నాలుగే వేస్తే షీటులో సగానికి సగం ఆ కుప్పలోకి.

ఇప్పుడు సైజుని 14 బై 9 సెంటీమీటర్లు చేయండి. అరంగుళం తగ్గిందంతే, చేతిలో పట్టుకుంటే తేడా పెద్దగా తెలియదు కూడా. బ్లీడ్‌తో 146 బై 96. మూడు తొంభై ఆర్లు 288, సరిపోయింది. మూడు నూట నలభై ఆర్లు 438, అదీ సరిపోయింది. తొమ్మిది కార్డులు! అదే షీటు, అదే ప్రింట్ ఖర్చు, నాలుగుకి బదులు తొమ్మిది.

ఇంకో సంగతి, ఈ 14 బై 9 నేను కనిపెట్టిందేం కాదు, మన పోస్టాఫీసులో అర్ధరూపాయికి అమ్మే కార్డు సైజే అది. మా తాతయ్య రాసిన పాత కార్డొకటి అల్మారాలో దొరికితే స్కేలు పెట్టి కొలిచాను. అప్పటికే నాలుగు బై ఆరు కార్డులు రెండు వందలు అచ్చేయించి కూర్చున్నా, ఏం చేస్తాం.

నోట్‌బుక్కుకీ ఇదే లెక్క పనికొస్తుంది. ఏ6 సైజు పుస్తకానికి అట్ట తెరిచిపెడితే 210 బై 148, బ్లీడ్‌తో 216 బై 154, షీటుకి రెండే వస్తాయి. అదే 9 బై 14 పుస్తకమైతే అట్ట 180 బై 140, బ్లీడ్‌తో 186 బై 146, షీటుకి నాలుగు. జేబులో పెట్టుకోవడానిక్కూడా ఇదే హాయి.

కాబట్టి కంప్యూటర్ తెరవకముందే ఒక తెల్ల కాగితం మీద షీటు గీసి, మీ వస్తువు ఎన్నిసార్లు పడుతుందో పెన్సిల్‌తో చూసుకోండి. చివర్లో సన్నటి పట్టీలు మిగిలితే వాటిలో చిన్న లేబుళ్లు, థాంక్యూ చీటీలు, బుక్‌మార్కులు ఇరికించవచ్చు. నేనైతే ధర చీటీలు ఎప్పుడూ విడిగా వేయించను.

3. తెలుగు అక్షరం పెట్టేముందు

తెలుగులో ఒక్క మాటైనా ఉన్న డిజైనైతే ఈ భాగం నెమ్మదిగా చదవండి, ఎందుకంటే నేను ఇక్కడే బాగా దెబ్బతిన్నా.

"మస్తుంది" అని ఒక స్టిక్కర్ చేశాను. నా కంప్యూటర్లో చక్కగా ఉంది. ఫైలు షాపుకి పంపితే వాళ్ల మెషిన్లో తెరిచి, సేవ్ చేసి, ప్రింట్ కొట్టి, కోసి, కట్ట కట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే "మస్‌తుంది". త వత్తు ఎగిరిపోయి, పొల్లు వచ్చి కూర్చుంది. మూడు వందల స్టిక్కర్లు. ప్రూఫ్ (అసలు ప్రింటుకి ముందు చూపించే నమూనా) చూడకుండా సరే అన్నది నేనే కాబట్టి ఎవర్నీ ఏమీ అనలేకపోయా. మా చెల్లి మాత్రం అదే బాగుంది, కొత్త యాస అనుకుంటార్లే అంది.

ఎందుకిలా అవుతుందంటే, తెలుగులో వత్తు, గుణింతం అక్షరానికి ఎక్కడ అతుక్కోవాలో సాఫ్ట్‌వేర్ తెలుసుకుని పేర్చాలి. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఉచితం, అది తెలుగుని సరిగ్గానే పేరుస్తుంది. ఫోటోషాప్, ఇలస్ట్రేటర్‌లలో టైప్ సెట్టింగుల్లోకి వెళ్లి దక్షిణాసియా భాషలకి పనికొచ్చే కంపోజర్ (అక్షరాలు పేర్చే సెట్టింగు) ఆన్ చేసుకోవాలి, కొత్త వెర్షన్లలో అది వరల్డ్ రెడీ అనే పేరుతో కనిపిస్తుంది. చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్లో అను ఫాంట్లతో పని నడుస్తుంది, అవి యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ చదవగలిగే పద్ధతి) కావు, అందుకని మీరు వాట్సాప్‌లో పంపిన మాటని వాళ్లు అలాగే అతికించలేరు, మళ్లీ టైపు చేయాల్సిందే. మళ్లీ టైపు చేశారంటే మళ్లీ తప్పులొస్తాయి.

దీనికి మందు ఒకటే. అక్షరాలన్నీ బొమ్మగా మార్చేసి పంపండి. ప్రెస్సు భాషలో దీన్ని "కర్వ్స్ చేయడం" అంటారు. కౌంటర్ దగ్గర మొట్టమొదటి ప్రశ్నే "ఫైలు కర్వ్స్ చేసినవా అక్కా?" అని ఉంటుంది. చేశాక మాటలు మార్చడం కుదరదు కాబట్టి మార్చుకోదగ్గ కాపీ ఒకటి మీ దగ్గర వేరే ఉంచుకోండి.

ఫాంట్ల విషయానికొస్తే, గూగుల్ ఫాంట్స్‌లో పెద్దన, తిమ్మన, ధూర్జటి, గురజాడ, రామభద్ర, మల్లన్న లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. వాటితో వస్తువులు చేసి అమ్ముకోవచ్చు, ఫాంటునే విడిగా అమ్మకూడదంతే. ఎవరో గ్రూపులో పంపిన పేరు లేని ఫాంటు మాత్రం వద్దు.

తెలుగు లైన్ల మధ్య ఇంగ్లిష్ కంటే ఎక్కువ ఎడం కావాలి. "స్త్రీ", "లక్ష్మి" లాంటివి పైనా కిందా చోటు తింటాయి, పై లైను వత్తు కింది లైను గుడిని గుద్దుకుంటుంది. అక్షరం మరీ చిన్నదైతే గుండ్రాల మధ్య ఖాళీలు సిరాతో పూడిపోతాయి, తొమ్మిది పాయింట్ల కంటే కిందికి నేను దిగను. స్టిక్కర్‌ని అక్షరం ఆకారంలోనే కోయించాలనుకుంటే మరీ జాగ్రత్త: వేలాడే వత్తుల దగ్గర సన్నటి తోకలు ఏర్పడి ఒలిచేటప్పుడు చిరుగుతాయి. చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల తెల్ల అంచు పెట్టి, వత్తునీ అక్షరాన్నీ కలిపి ఒకే ముద్దలా చుట్టి కోయించండి.

4. ఫైలు

రంగులు సీఎంవైకేలో (ప్రింటింగ్‌లో వాడే నాలుగు సిరాల పద్ధతి), బొమ్మ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), బ్లీడ్ 3 మిల్లీమీటర్లు, ముఖ్యమైనదేదైనా అంచుకి నాలుగు మిల్లీమీటర్లు ఇవతలే ఆగాలి, పీడీఎఫ్. ఇవి ఎక్కడైనా దొరికే సంగతులే. ఎవరూ చెప్పనివి మూడున్నాయి.

ఫోన్లో మెరిసిపోయే చిలకపచ్చ, వెలిగే నారింజ కాగితం మీద నీరసంగా వస్తాయి, ఎందుకంటే తెర వెలుగుతుంది, సిరా వెలగదు. గీసేటప్పుడే సీఎంవైకేలో చూసుకుంటూ రంగులెంచుకోండి. రెండోది, చిన్న అక్షరాల నలుపు నాలుగు సిరాలు కలిపిన నలుపు కాకూడదు, వట్టి నల్ల సిరానే ఉండాలి, లేకపోతే సిరాలు కాస్త అటూ ఇటూ పడ్డా అక్షరం చుట్టూ రంగు నీడ వస్తుంది. మూడోది, మామూలు డిజిటల్ మెషిన్లో తెల్ల సిరా ఉండదు. గోధుమరంగు క్రాఫ్ట్ పేపర్ మీద వేయిస్తే మీ తెలుపంతా గోధుమరంగే. నా మొదటి మల్లెపూల కార్డు అలా వాడిపోయింది.

5. కాగితం, డమ్మీ

జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో. జిరాక్స్ కాగితం 70 నుంచి 80. నోట్‌బుక్కు లోపలి పేజీలకి 90 లేదా 100 మ్యాప్‌లితో అనే మెరుపు లేని కాగితం, పోస్ట్‌కార్డుకి 300 ఆర్ట్ కార్డు అనే నున్నటి మందపాటి కాగితం. కానీ కార్డు మీద ఎవరైనా పెన్నుతో రాయాలనుకుంటే రెండు వైపులా నున్నగా మెరిసే కాగితం వద్దు, సిరా ఆరక చేతికంటుకుంటుంది. వెనకవైపు లామినేషన్ వేయించొద్దని గట్టిగా చెప్పండి, చెప్పకపోతే మర్యాద కొద్దీ రెండువైపులా వేసేస్తారు.

కాగితానికి చెక్కలో నారకున్నట్టు దిశ ఒకటి ఉంటుంది, దాన్ని గ్రెయిన్ అంటారు. ఆ దిశలో మడిస్తే మెత్తగా మడత పడుతుంది, అడ్డంగా మడిస్తే అంచు పగిలి తెల్లగా నెర్రెలు వస్తాయి. చిన్న ముక్కని రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే ఏ వైపు తేలికో చేతికే తెలుస్తుంది. మందపాటి అట్టైతే మడిచే ముందు క్రీజింగ్ (మడత గీతని ముందే నొక్కించడం) చేయించాల్సిందే.

అసలు ప్రింట్‌కి ముందు ఇంట్లో ఉన్న కాగితంతో నిజమైన సైజులో ఒక డమ్మీ చేయండి. నోట్‌బుక్కైతే 12 కాగితాలు మధ్యకి మడిస్తే 48 పేజీలు, ఎప్పుడూ నాలుగు గుణిజాల్లోనే. మడిచాక లోపలి పేజీలు బయటికి కాస్త తోసుకొస్తాయి, అందుకే మధ్యలో పిన్నింగ్ అయ్యాకే మూడు వైపులా కటింగ్. ఆ డమ్మీని వారం రోజులు జేబులో వేసుకుని తిరగండి. నా డమ్మీ మూలలు రెండ్రోజుల్లో కుక్క చెవుల్లా మడిచిపోయాయి, అందుకే ఇప్పుడు మూలలు గుండ్రంగా కోయిస్తున్నా.

6. ప్రెస్సుకి వెళ్లడం

ఐదు వందల లోపైతే డిజిటల్. అంతకంటే బాగా ఎక్కువైతే, ముఖ్యంగా వెయ్యి దాటితే, ఆఫ్‌సెట్ అడిగి చూడండి. ఆఫ్‌సెట్‌లో మల్టీకలర్‌కి నాలుగు ప్లేట్లు చేయాలి, పది కార్డులైనా పదివేలైనా ప్లేట్ల ఖర్చు అదే, అందుకే తక్కువ సంఖ్యకి భారం.

ఒక పూట ఖాళీ చేసుకుని పాతబస్తీ ఛత్తా బజార్‌కి వెళ్లండి. పెళ్లిపత్రికలకి పేరు పడ్డ చోటది. ఫాయిల్ (మెరిసే రేకు అద్దడం), ఎంబాసింగ్ (ఉబ్బెత్తుగా నొక్కడం), డై కటింగ్ (కావాల్సిన ఆకారంలో కోయడం), కవర్ల మడత, ఇవన్నీ పెళ్లిళ్ల పుణ్యమా అని అక్కడ చేయి తిరిగిన పనులు, మనం డిజైన్ కాలేజీల్లో చాలా గొప్ప పేర్లు పెట్టి నేర్చుకునేవే. పెళ్లిళ్ల సీజన్లో మాత్రం చిన్న ఆర్డరుకి మీ మొహం చూసే తీరిక ఎవరికీ ఉండదు. ముహూర్తాలు లేని మూఢం రోజుల్లో వెళితే కూర్చోబెట్టి చాయ్ ఇప్పించి మరీ చూపిస్తారు. క్యాలెండర్ చూసుకుని బయల్దేరండి, నిజంగా.

బీఓపీపీ కవర్లు (లోపలిది కనబడే ప్లాస్టిక్ కవర్లు), అట్టపెట్టెలు, టేపులు బేగం బజార్‌లో టోకున. బట్ట, లేసు, జిప్పులు సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో. చెక్కతోనో అక్రిలిక్‌తోనో లేజర్ కటింగ్ ప్రయత్నించాలంటే రాయదుర్గంలో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్ ఉంది, నమూనాలు చేసుకోవడానికి ప్రభుత్వం పెట్టిన చోటు.

కౌంటర్ దగ్గర అడగాల్సినవి: షీటు సైజెంత, అంచు ఎంత వదలాలి, లామినేషన్, కటింగ్ ధరలో కలిసే ఉన్నాయా, ప్రూఫ్ ఎప్పుడిస్తారు. ప్రూఫ్ అసలు కాగితం మీదే తీయించి, బయటికొచ్చి పగటి వెలుగులో చూడండి, షాపు ట్యూబ్‌లైటు కింద అన్నీ బాగానే ఉంటాయి. అక్షరం అక్షరం వేలు పెట్టి చదవండి. దాని మీదే ఓకే అని రాసి తేదీ వేసి ఇవ్వండి. వంద కావాలంటే నూట పది చెప్పండి, కోతలో, మడతలో కొన్ని పోతాయి.

స్టిక్కర్లకి వాడే మాటలు వేరు. వెనక జిగురున్న కాగితాన్ని గమ్మింగ్ షీట్ అంటారు. అది నోట్‌బుక్కుల మీదికి, డబ్బాల మీదికి సరే, నీళ్లసీసా మీదికో బండి మీదికో అయితే వినైల్ అడగండి. పైపొర మాత్రమే కోసి కింది కాగితాన్ని వదిలేస్తే హాఫ్ కట్, మొత్తం కోసేస్తే ఫుల్ కట్. ఒకే షీటు మీద ఆరేడు బొమ్మలుండాలంటే హాఫ్ కట్టే. కోత గీతని వేరే లేయర్‌లో, వేరే రంగులో ఇవ్వండి.

7. ధర

ఇక్కడ అందరూ మొహమాటపడతారు. ఒక ఉదాహరణ లెక్క చూద్దాం, అంకెలు మీ షాపు బిల్లు ప్రకారం మార్చుకోండి. షీటుకి ప్రింటు, లామినేషన్, కటింగ్ కలిపి 54 రూపాయలనుకుందాం. తొమ్మిది కార్డులొస్తే ఒక్కోటి 6 రూపాయలు. కవరు, లోపలి చీటీ 4, పాడైపోయేవాటి కింద 1, మొత్తం 11. కార్డు 40కి అమ్ముతున్నారు. ఏదైనా కేఫ్‌లోనో పుస్తకాల షాపులోనో పెడితే వాళ్లు మూడో వంతు నుంచి సగం దాకా తీసుకోవడం మామూలే, 40 శాతం అనుకుంటే 16 పోయి మీకు 24 వస్తాయి, 11 తీస్తే 13 మిగులు. ఇదే నా నాలుగు బై ఆరు కార్డైతే షీటుకి నాలుగే, ఒక్కోటి 13 రూపాయల 50 పైసలు, మొత్తం ఖర్చు 18.50, మిగులు అయిదున్నర. ఆ అయిదున్నరలో ఆటో ఛార్జీలు, మూడు వారాల బొమ్మ, కరెంటు బిల్లు అన్నీ సర్దుకోవాలి.

నేరుగా మీరే అమ్మినా ధర తగ్గించకండి. షాపులో నలభై, మీ దగ్గర ముప్పై అయితే ఆ షాపువాళ్లు రెండోసారి మీ సరుకు పెట్టుకోరు. ఒక్కో కార్డు కంటే అయిదింటి కట్ట నయం, కవరు ఖర్చు అయిదుగురు పంచుకున్నట్టు. మీ గంటకో వెల కట్టి దాన్నీ ఖర్చులో వేయండి. "ఇంట్లోనే కదా చేసేది" అనే చుట్టాల్ని లెక్కలోకి తీసుకోకండి.

8. అమ్మకం

స్టాల్ పెట్టేముందు ఒక్క భాగహారం చేయండి. స్టాల్ అద్దె 3000 అనుకుంటే, కార్డుకి 29 రూపాయల మిగులు చొప్పున 104 కార్డులు అమ్మితే గానీ అద్దె తిరిగి రాదు. ఆ ఎగ్జిబిషన్‌కి వచ్చే జనంలో మీ కార్డు కొనే రకం ఎంతమందో ముందు మామూలు మనిషిలా ఒకసారి వెళ్లి చూసి రండి. 1938లో మొదలై, మామూలుగా ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా సాగే నాంపల్లి నుమాయిష్‌కి జనం కొదవేం లేదు, కానీ అన్ని వారాలు నిలబడే సరుకు, మనుషులు ఒంటరి డిజైనర్ దగ్గర ఎక్కడుంటారు? ఒక్కరోజు సంతలు, కాలేజీ ఫెస్టులు, బంజారాహిల్స్ లామకాన్ లాంటి చోట్ల జరిగే కార్యక్రమాలతో మొదలుపెట్టడం మేలు. ముగ్గురు కలిసి ఒక బల్ల తీసుకుంటే ఇంకా మేలు, టాయ్‌లెట్‌కి వెళ్లినప్పుడు బల్ల చూసుకునే మనిషైనా ఉంటారు.

కార్డుల్ని బల్ల మీద పరిచి పెట్టకండి, నిలబెట్టండి. జనం నడుస్తూ చూస్తారు, వంగి చూసేవాళ్లు తక్కువ. ధర ప్రతిదాని మీదా కనబడాలి, మనవాళ్లు సగం మంది మొహమాటానికి ధర అడగకుండానే వెళ్లిపోతారు. యూపీఐ క్యూఆర్ రెండు చోట్ల పెట్టండి.

9. చట్టం, త్వరత్వరగా

మీరు గీసిన బొమ్మకి కాపీరైటు పుట్టుకతోనే ఉంటుంది, రిజిస్టర్ చేయకపోయినా. 1957 చట్టం ప్రకారం అది మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. చాలామందికి తెలియని మెలిక ఒకటుంది: డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయదగ్గ డిజైన్‌ని రిజిస్టర్ చేయకుండా, బ్యాగుల్లాంటి వస్తువుల మీద యంత్రాలతో 50కి మించి తయారుచేస్తే, ఆ డిజైన్‌లో కాపీరైటు పోతుంది. రిజిస్టర్ చేయాలంటే బయటపెట్టకముందే చేయాలి, ఇన్‌స్టాలో పెట్టాక వెళితే కొత్తది కాదంటారు. పోస్ట్‌కార్డులు, గ్రీటింగ్ కార్డులు, క్యాలెండర్లు ఆ చట్టం కిందికి రావు, వాటికి కాపీరైటే దిక్కు.

సినిమా హీరోల ముఖాలు, డైలాగులు వాడకండి. 2023లో అనిల్ కపూర్ తన పేరు, రూపం, గొంతుతో పాటు "ఝకాస్" అనే మాటని కూడా అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదని ఢిల్లీ హైకోర్టు నుంచి ఆదేశాలు తెచ్చుకున్నాడు. ఇక్కత్ డిజైన్ ప్రింటు కొట్టి "పోచంపల్లి" అని పేరు పెట్టడం కూడా కూడదు, అది నేతగాళ్లకి దక్కిన భౌగోళిక గుర్తింపు. పిల్లల బొమ్మలు చేసేటట్టైతే, 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునేవాటికి 2021 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి.

జీఎస్టీ విషయంలో ఇంటర్నెట్‌లో చదివి మోసపోకండి. సరుకు అమ్మేవాళ్లకి చాలా రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ అక్కర్లేని అమ్మకాల పరిమితి ఏడాదికి 40 లక్షలు, ఆంధ్రలోనూ అంతే, కానీ తెలంగాణలో 20 లక్షలు. ఇంకా, పన్ను పడే సరుకు వేరే రాష్ట్రానికి అమ్మితే, కొన్ని హస్తకళా వస్తువులకి తప్ప, ఆ పరిమితితో సంబంధం లేకుండా రిజిస్ట్రేషన్ కావాలి, విజయవాడకి పంపినా అది వేరే రాష్ట్రమే మరి. ఒక్క గంట చార్టర్డ్ అకౌంటెంట్‌తో కూర్చుంటే తేలిపోతుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి కేంద్రం చేసే నమోదు) ఉచితం, దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే మూసేయండి. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద తయారీదారు పేరు, చిరునామా, వస్తువు పేరు, ఎన్ని ఉన్నాయి, నెల, సంవత్సరం, పన్నులన్నీ కలిపిన ఎంఆర్‌పీ, ఫిర్యాదుకి నంబరు ఉండాలి. ఆ చిన్న లేబుల్ షీటు చివర మిగిలిన పట్టీలో పడుతుంది, చెప్పాగా.

10. ప్యాకింగ్, మళ్లీ ప్రింటు

వానాకాలంలో ఇక్కడి గాలికి కార్డులు అప్పడాల్లా వంకర తిరుగుతాయి. ఇనప ట్రంకుపెట్టెలో, కింద ఒక అట్ట, పైన ఇంకో అట్ట పెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. పోస్టులో పంపేటప్పుడు కవరులో కార్డు సైజు కంటే కాస్త పెద్ద గట్టి అట్ట పెట్టండి, మూలలు నలగవు. కటింగ్‌లో మిగిలిన మందపాటి ముక్కలు అడిగి తెచ్చుకుంటే దానికి పనికొస్తాయి, ఇప్పుడు ఆ కుప్పలోంచి నేను తెచ్చుకునేది అదే.

మొదటి బ్యాచ్ వంద దాటనివ్వకండి, ఎన్ని అభినందనలొచ్చినా. అయిపోయిన డిజైన్‌నే మళ్లీ వేయించండి, మిగిలిపోయిన దానికి తమ్ముణ్ణి పుట్టించకండి. ప్రతి బ్యాచ్ నుంచి ఒక మంచి కాపీ తీసి వెనక పెన్సిల్‌తో కాగితం పేరు, జీఎస్ఎం, ఏ షాపు, ఏ మెషిన్, తేదీ, షీటుకి ఎన్నొచ్చాయి అన్నవి రాసి దాచండి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ వెళితే ఆపరేటర్ మారిపోయి ఉంటాడు, కాగితం ఇంకో కంపెనీది వచ్చి ఉంటుంది, "పోయినసారి లాగే కావాలన్నా" అంటే అతనికేం తెలుస్తుంది. ఆ కాపీ తీసి కౌంటర్ మీద పెట్టండి.